ముప్పై ఏడో కార్డుకు ఎదురుపాట

జనగామలోని మా ఇంట్లో, చెక్క బీరువా రెండో అరలో, క్రికెట్ కార్డుల కట్ట ఒకటి ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు చూయింగ్ గమ్ పొట్లాలలో ఒక్కొక్కటిగా వచ్చిన కార్డులవి. గమ్ వాళ్లు నమిలారు, కార్డులు నాకు మిగిలాయి. ముందువైపు ఉండే ఆటగాళ్ల బొమ్మల మీద నాకు ఎన్నడూ ఆసక్తి లేదు. వెనుకవైపు అంకెలుంటాయి: ఆడిన టెస్టులు, పరుగులు, వికెట్లు, సగటు. గణాంక శాఖలో పనిచేసి రిటైరైనవాడిని కనుక, ఎవరో అచ్చువేసిన సగటును నేను స్వయంగా భాగించి చూసుకుంటే తప్ప అంగీకరించలేను. అరవై కార్డుల ఆ వరుసలో యాభై తొమ్మిదింటిని సరిచూశాను. నాలుగింటిలో రెండో దశాంశ స్థానం తప్పు. ముప్పై ఏడో నంబరు కార్డు మాత్రం నా దగ్గర లేదు. దాని మీది ఎడమచేతి బౌలరు గొప్పవాడో కాడో నాకు తెలియదు. అతని సగటు సరిచూడకుండా మిగిలిపోయిందన్నదే నా బాధ.

2011 సెప్టెంబరులో, తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజులలో, ఆ కార్డు ఒక ఆన్‌లైన్ వేలం సైటులో కనిపించింది. నాకు కంప్యూటర్ లేదు. మా వీధి చివర నెట్ సెంటర్ నడిపే ముస్లిం మిత్రుడు నా కోసం ఆ సైటును తెరిచి చూపేవాడు. నలభై దాటిన మనిషి. నేను ఆయనను భాయ్ అంటాను, ఆయన నన్ను పెద్దసాబ్ అంటాడు.

"పెద్దసాబ్, మీ ముప్పై ఏడు దొరికింది. మిఠాయి తినిపియ్యాలె."

"అమ్మేదెవరు?"

"భూపాలపల్లి అని ఉన్నది. గనులల్ల పనిచేసేటాయన గావొచ్చు. రెండు నూర్లకు మొదలు."

ఆ సైటులో వేలం పద్ధతి నాకు నచ్చింది. మనం ఎంతవరకు పోదలచామో ఆ గరిష్ఠ మొత్తాన్ని ముందే రాసిపెట్టవచ్చు. అది ఎవరికీ కనిపించదు. ఎవరైనా మన మీద పాట పాడితే, మనం ఇంట్లో నిద్రపోతున్నా సరే, సైటే మన తరఫున పది రూపాయలు పెంచి వెంటనే బదులు పాడుతుంది. గరిష్ఠం దాటగానే ఊరుకుంటుంది. ఆవేశపడే అవకాశం లేని వేలం నేను అంతకుముందు చూడలేదు. ఆ వరుసలోని కార్డులు గత ఏడాది అమ్ముడైన ధరల సగటు తీసి, అరుదైనది కనుక పది శాతం కలిపి, ఆరు వందల నలభై రూపాయలుగా నా గరిష్ఠాన్ని నిర్ణయించాను. భాయ్ ఏడు వందలు వేయమన్నాడు. కారణం అడిగితే "గుండ్రంగ ఉంటది సాబ్" అన్నాడు. ఇటువంటి తర్కం వల్లనే దేశంలో ధరలు పెరుగుతున్నాయని చెప్పి, ఆరు వందల నలభైయే వేయించి ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం మహబూబాబాద్‌కు ఫోన్ చేశాను. మా అమ్మాయి అత్తవారిల్లు అక్కడే. మా వైపు ఆ ఊరిని మానుకోట అంటారు. మా వియ్యంకుడికి ఎరువుల దుకాణం ఉంది. బంద్‌ల మూలంగా అది తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువగా ఉన్నందున, ఆయన ఎవరు ఫోన్ చేసినా సంతోషించే స్థితిలో ఉన్నాడు.

వేలం గురించి ఆయన అవగాహన ఎటువంటిదో నేను అంతకు కొద్ది రోజుల ముందే చూశాను. వినాయక నిమజ్జనం రోజున వాళ్ల మండపంలో లడ్డు వేలం జరిగింది. మా వియ్యంకుడు పాడగానే ఆయన సొంత బావమరిది లేచి మీద పాడాడు. మళ్లీ ఈయన, మళ్లీ అతను. చివరికి లడ్డు మా వియ్యంకుడికే దక్కింది. మీ బావమరిదికి మీ మీద కోపమా అని చెవిలో అడిగాను.

"కోపమేంది బావా!" అని ఆయన పెద్దగా నవ్వాడు. "ఒంటిపాటకు లడ్డు ఎత్తుకపోతె ఇజ్జత్ ఏముంటది? మనోడు మూడు మాట్ల ఎదురు పాడుతడు, నాలుగో మాటకు నేను గుంజుకుంట. గది మర్యాద."

ఒకే కుటుంబంలోని ఇద్దరు కలిసి ఒకే లడ్డు ధర పెంచుకోవడం ఆర్థికశాస్త్రంలో ఎక్కడా లేదని వివరించాను. ఆయన నా నోట్లో లడ్డు ముక్క పెట్టాడు.

ఇప్పుడు ఫోన్‌లో కార్డు సంగతి విని, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎంతమంది పాడుతున్నరు బావా?"

"ఇప్పటిదాక నేనొక్కన్నే."

"ఒక్కనివేనా? నీ అసొంటి మనిషి పాడితె ఎదురుపాట లేదా?"

"లేకుంటెనే లాభం గద."

"లాభం ముచ్చట కాదు బావా..." అని ఆయన మాట మధ్యలో ఆపి, ఆ సైటు పేరేమిటని అడిగాడు. నా అభిరుచి పట్ల ఆయన ఆసక్తి చూపడం అదే మొదటిసారి. అందుకని ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. వెతుక్కోవడానికి వీలుగా కార్డు నంబరు కూడా చెప్పాను.

సమ్మె ముదిరింది. బస్సులు ఆగాయి. గనులు ఆగాయి, బొగ్గు ఆగింది, దానితో కరెంటు కోతలు పెరిగాయి. వేలం ముగిసే రోజున మా వీధిలో ఉదయం నుంచి కరెంటు లేదు. నెట్ సెంటర్ గడప మీద భాయ్, నేను విసనకర్రలతో కూర్చున్నాం. కరెంటు వచ్చి కంప్యూటర్ తెరుచుకునేసరికి వేలం ముగిసిపోయింది. ముప్పై ఏడో కార్డు ఆరు వందల యాభైకి వేరొకరిది అయింది.

ఆ సైటులో ప్రత్యర్థి పేరు పూర్తిగా కనిపించదు. మొదటి అక్షరం, చివరి అంకె, నడుమ చుక్కలు. కాని పాటల క్రమం మొత్తం కనిపిస్తుంది. ఆ ఖాతా ఆ వారమే తెరిచినది. మరే వస్తువు మీదా ఎన్నడూ పాడలేదు. నా రెండు వందల మీద రెండు వందల పది పాడాడు, సైటు నా తరఫున రెండు వందల ఇరవై అన్నది. అతను రెండు వందల ముప్పై, సైటు నలభై. ఇట్లా మెట్టు మెట్టుగా, నేను ఎక్కడ ఆగుతానో తడిమి చూసినట్టు, ఇరవై మూడుసార్లు పాడి, నా హద్దుకు సరిగ్గా పది రూపాయలు పైన ఆగాడు. కొనదలచినవాడు ఎవడూ ఇట్లా పాడడు.

భాయ్ కూడా అదే తేల్చాడు. "పక్కా దొంగపాట సాబ్. అమ్మెటోడే ఇంకో పేరుతోని పాడిచ్చిండు. మీ జేబుల ఎంతున్నదో చూద్దామనుకున్నడు. జర ఎక్కువ గుంజిండు, దారం తెగింది. ఇగ జూడుండ్రి, కొన్ని దినాలకు మీకే మెసేజ్ వస్తది. 'గెలిచినాయన తీస్కుంటలేడు, మీ పాటకే మీరు తీస్కోండ్రి' అని. గది వచ్చిందంటె దొంగ దొరికినట్టె."

సైటువారికి సవివరమైన ఫిర్యాదు పంపాను. మా సేవలు మీకు నచ్చినందుకు సంతోషం అని క్షణంలో జవాబు వచ్చింది. ఆ సాయంత్రం మనసు భారం దించుకోవడానికి మానుకోటకు ఫోన్ చేశాను.

"దొరికిందా బావా కార్డు?" వియ్యంకుడి గొంతులో ఏదో కంగారు వినిపించింది. నా కోసమే కంగారుపడుతున్నాడనుకున్నాను.

"యాడ దొరికింది? ఎవడో దొంగ నడుమల జొచ్చి ఎగరగొట్టిండు."

"దొంగ అని ఎందుకంటవ్ బావా? పాపం, ఆయిన పాట పాడిండు, గంతే గద."

"పాట కాదు, దొంగపాట. లెక్క నా దగ్గరున్నది. సిగ్గుశరం ఉన్నోడు ఇరవై మూడు మాట్ల పాడుతడా? అసొంటోన్ని గడప తొక్కనియ్యద్దు. అసొంటోని ఇంట్ల మంచినీళ్లు గూడ తాగద్దు."

 

"గట్లనా బావా," అన్నాడు. "మంచిది." ఫోన్ పెట్టేశాడు.

మా మనుమడికి పుట్టువెంట్రుకలు తీయించవలసి ఉంది. చిల్పూరు గుట్ట మీద, వెంకటేశ్వరస్వామి సన్నిధిలో తీయిద్దామని రెండు కుటుంబాలూ ఎప్పుడో అనుకున్నాయి. క్షవరం జరిగేటప్పుడు పిల్లవాడు మేనమామ ఒళ్లో కూర్చోవాలి. మేనమామ అంటే మా అబ్బాయి. కాని కార్యం వాళ్లది. వియ్యంకుడూ వియ్యపురాలూ మా ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలిచితేనే మేము పోవాలి. పిలవనిదే పోతే మా అమ్మాయికి అత్తవారింట్లో తలవంపులు. పోకపోతే పిల్లవాడికి కూర్చునే ఒడి ఉండదు.

పిలుపు రాలేదు.

"మానుకోట నుంచి ఫోన్ లేదు, మనిషి లేడు," అన్నది నా భార్య. "ఆయిన్ని ఏమన్న అన్నవా?"

"నేనేమంట? బస్సులు లేవు గద, ఎట్లొస్తరు?"

"రైళ్లున్నయ్ గద."

"రైల్ రోకో చేసిండ్రు."

"రోకో ఎన్నడో అయిపోయింది. బండ్లు నడువబట్టి ఎన్ని దినాలైంది? ఊరందరి లెక్కలు జేస్తవ్, గీ లెక్క నీకు రాదా?"

మరునాడు అమ్మాయి ఫోన్ చేసింది. "బాపూ, మా మామ అన్నం సక్కగ తింటలేడు. గుట్టకు ఎప్పుడు పోదామంటె 'మీ బాపు మన ఇంటికి వస్తడో రాడో' అంటున్నడు. మీ ఇద్దరికి ఏమైంది?"

ఏమీ కాలేదని చెప్పాను. నాకు తెలిసినంతవరకు అది నిజం. ఆయన్ను నేను ఒక్క మాట అనలేదు. మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్నది ఒక దొంగ గురించి, ఆ విషయంలో ఆయన నాతో ఏకీభవించి "మంచిది" అని కూడా అన్నాడు.

సరిగ్గా ఆ సమయంలోనే మెసేజ్ వచ్చింది. గెలిచినవారు కార్డు తీసుకోవడం లేదు, మీకు ఇష్టమైతే మీ పాటకే ఇస్తాను, అని భూపాలపల్లి అమ్మకందారు. కింద చిరునామా. భాయ్ కుర్చీలోంచి లేచి నాకు చేయి కలిపాడు. "చెప్పిన్నా లేదా సాబ్!"

ఇంట్లో పిలుపు గొడవ ఒకవైపు, రుజువైన నేరం మరొకవైపు. మొదటిదానికి నా దగ్గర ఆధారాలు లేవు, రెండోదానికి ఉన్నాయి. కనుక రెండోదాన్ని ముందు తేల్చుకోవాలని బయలుదేరాను. వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి పరకాల మీదుగా జీపు. నలుగురు కూర్చునే సీట్లో ఏడుగురం. దారిలో ప్రతి ఊరి దగ్గర రోడ్డు మీద టెంటు, టెంటు ముందు అడ్డంగా కట్టె. "జై తెలంగాణ" అంటే కట్టె లేస్తుంది. జీపులో అందరికంటే ముందుగా, స్పష్టంగా అంటున్నది నేనేనని డ్రైవరు మెచ్చుకుని, నన్ను ముందు సీట్లోకి మార్చాడు. ఒకచోట రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తినకుండా జీపును కదలనివ్వలేదు. పప్పు, వంకాయ కూర, రెండోసారి కూడా వడ్డించారు. జనగామలో ఎక్కినప్పుడు ఉన్న కోపంలో సగం ఆ అరిటాకు దగ్గరే పోయింది. మిగిలిన సగంతో భూపాలపల్లిలో దిగాను.

అమ్మకందారు ఇంట్లో లేడు. గని కార్మికుల సమ్మె శిబిరంలో ఉన్నాడని చెప్పారు. యాభై ఏళ్ల మనిషి, మెడలో కండువా, టెంటు కింద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను నిలబడే ఆరోపణ మొత్తం వినిపించాను: కొత్త ఖాతా, ఇరవై మూడు పాటలు, ఇరవై రూపాయల మెట్లు, నా హద్దు మీద పది. శిబిరంలో ఉన్న వాళ్లందరూ దగ్గరకు జరిగి విన్నారు.

"సారు, లెక్క మస్తు చెప్తున్నరు," అన్నాడు ఒకతను. "జర మైకుల చెప్పుండ్రి, పొద్దు పోతది."

అమ్మకందారుకు కోపం రాలేదు. "కూసోండ్రి సారు. చాయ్ తాగుండ్రి. దొంగతనం చేసేటందుకు ఇంకో పేరు కావాలె గద, నాకు ఉన్న ఒక్క పేరుతోనే సైట్ తెరుసుడు వస్తలేదు. పక్కింటోళ్ల కంప్యూటర్ల పెట్టిన. గెలిచినాయిన నాకు ఫోన్ జేసిండు సారు. ఒక్కతీరుగ మొత్తుకున్నడు."

"ఏమని?"

"'అన్నా, నేను గెల్వద్దు. ఎట్ల గెలిచిన్నో నాకే తెల్వది. ఆ కార్డు మా బావకే పంపు. నా వల్ల ఆయినకు ఎంత ఎక్కువ పడ్డదో గది నేను కడుత. నేను పాడిన్నని మాత్రం చెప్పకు, మళ్ల నా మొఖం చూడడు' అన్నడు. నాకు ఏం సమజ్ గాలే. పాడుడెందుకు, ఏడ్సుడెందుకు?"

"ఏ ఊరాయన?"

"మానుకోట. ఇగో నంబర్."

నాకు మనుషుల ముఖాలు మరుపుకు వస్తాయి, నంబర్లు రావు. ఆ పది అంకెలలో నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికే చాయ్ గ్లాసు కింద పెట్టాను. వారం వారం నేను డయల్ చేసే నంబరది. మండపం, లడ్డు, మర్యాద, అన్నీ వరుసగా గుర్తుకు వచ్చాయి. ఆ తరువాత సిగ్గు, శరం, గడప, మంచినీళ్లు కూడా అదే వరుసలో గుర్తుకు వచ్చాయి. నా లెక్కలో తప్పు లేదు. అది అక్షరాలా దొంగపాటే. దొంగ మా వియ్యంకుడు.

ఇప్పుడు కార్డు ధర ఎంత అన్న ప్రశ్న వచ్చింది. సైటు లెక్కన ఆరు వందల నలభై ఇవ్వాలి. మర్యాద పాటలు తీసేస్తే రెండు వందలే. అమ్మకందారు తలగోక్కున్నాడు. "గది మీరు మీరు తేల్చుకొని పంపుండ్రి సారు. కార్డైతే తీస్కపోండ్రి. దొంగ చేతుల నుంచి తీస్కున్నమని మాత్రం యాడ చెప్పకుండ్రి." శిబిరమంతా నవ్వింది.

ఇంటికి పోకుండా, మరునాటి ఉదయం వరంగల్‌లో రైలెక్కి నేరుగా మానుకోటలో దిగాను. వియ్యపురాలు తలుపు తీసింది.

"రాండ్రి అన్నా. సిగ్గుశరం లేనాయన లోపల్నే ఉన్నడు." ఆమె పక్కకు జరగలేదు. "మంచినీళ్లు తేవాల్నా? మా ఇంట్ల తాగుతరో తాగరో."

"తే చెల్లె," అన్నాను. "రెండు గ్లాసులు తే."

రెండూ తాగిన తరువాతే ఆమె దారి ఇచ్చింది. వియ్యంకుడు గోడవైపు తిరిగి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను కార్డు తీసి మంచం మీద పెట్టాను. ఆయన దానినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మూడు మాట్లకే ఆపుదామనుకున్న బావా," అన్నాడు చివరికి. "కని నేను పాడిన్నో లేదో, రెప్పకొట్టెలోపల నువ్వు ఎదురు పాడితివి. అరె, మా బావ కంప్యూటర్ ముంగట్నే కూసున్నడు, నాతోని సై అంటున్నడు అనుకున్న. మస్తు గమ్మతనిపిచ్చింది. నువ్వు అంత ఖుషీల పాడుతుంటె నేను నడుమల లేచిపోతె ఏం మర్యాద? ఆఖరుకు నువ్వు చప్పుడు చెయ్యవైతివి. నా పానం పోయింది."

"అది పాడింది నేను కాదు బావా. సైటు."

"సైటెవరు?"

గరిష్ఠ మొత్తం పద్ధతిని వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అంటె నేను గంతసేపు పాడుతుంటె, నువ్వు ఇంట్ల పండుకున్నవా?"

దొంగ అన్నందుకు కంటే ఇందుకే ఆయన ఎక్కువ నొచ్చుకున్నట్టు కనిపించింది. వాకిట్లో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఇదంతా వింటున్న మా అమ్మాయి, నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

క్షమాపణ చెప్పే అలవాటు మా ఇద్దరికీ లేదు. ధర తేలవలసి ఉందని మాత్రం చెప్పాను. వియ్యపురాలు ఇత్తడి పళ్లెం తెచ్చి కార్డును అందులో పెట్టింది. "రెండు నూర్లు సర్కారు పాట," అన్నది. "ఎవరు పాడుతరు?"

"నేను పాడ," అన్నాడు వియ్యంకుడు. "పాడితె దొంగ అంటడు."

"అయితె కార్డు ఇక్కడ్నే ఉండనీ," అన్నాను. "ఒంటిపాటకు ఎత్తుకపోతె మానుకోటల నాకు ఇజ్జత్ ఏముంటది?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత కండువా సర్దుకుని మంచం దిగాడు. "రెండు నూర్ల పది!" అన్న ఆ కేక పక్కింటి దాకా వినిపించి ఉంటుంది. నేను జీవితంలో ఏ వేలంలోనూ నోరు తెరిచి పాడినవాడిని కాను. మొదటి పాట నాకు మాత్రమే వినిపించేటట్టు అన్నాను, వియ్యపురాలు గట్టిగా అనుమన్నది. రెండోదానికి తెగించాను. ఆయన మూడుసార్లు ఎదురు పాడి, నేను రెండు వందల అరవై అనగానే చేతులు కట్టుకుని, ఓడినవాడిలా నిట్టూర్చి కూర్చున్నాడు. ఆ నిట్టూర్పు ఎంత సహజంగా ఉందంటే, నాకు నిజంగానే ఏదో గెలిచినట్టు అనిపించింది. పళ్లెంలోని కార్డును నా చేతికిచ్చి, వియ్యపురాలు నా నుదుట బొట్టు పెట్టింది.

"రేపటి బండికి మేమిద్దరం వచ్చి వదినెకు గూడ బొట్టు పెడుతం. అందరు గుట్టకు రావాలె అన్నా."

భూపాలపల్లికి రెండు వందల అరవై రూపాయలు మనియార్డరు చేశాను. తిరుగు రైలులో కార్డు వెనుక సగటును భాగించి చూశాను. రెండో దశాంశ స్థానం దాకా సరిగ్గా ఉంది. ఇంత దూరం వచ్చిన మనిషి కోసం ఒక చిన్న తప్పైనా మిగల్చవలసింది.

బస్సులు మళ్లీ నడిచిన తరువాత చిల్పూరు గుట్ట మీద పుట్టువెంట్రుకలు తీయించాం. మా అబ్బాయి ఒళ్లో మనుమడు కూర్చున్నాడు. మంగలి కత్తి తలను తాకగానే గుట్ట దద్దరిల్లేటట్టు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ గోలలో వియ్యంకుడు నా పక్కకు జరిగాడు.

"ఇంక ఏమన్న కార్డులు కొనేటియి ఉన్నయా బావా?"

ఇంకొక వరుస మొదలుపెట్టే ఆలోచన ఉందని చెప్పాను.

"అయితె ఈసారి నీ ఆఖరి పాట ఎంతనో ముందుగాలనే నా చెవుల చెప్పు. దానికి పది తక్కువ కాడ ఆగుత. మళ్ల గెల్వ."

అట్లా చెప్పడం సైటు నిబంధనల ప్రకారం నేరమనీ, ఆ నేరానికి అసలు పేరే దొంగపాట అనీ వివరించాను. ఆయన తలూపుతూ విని, చెవి అట్లాగే దగ్గరగా ఉంచాడు.

చెప్పాను. యాభై రూపాయలు తగ్గించి చెప్పాను.